బుగులు ఎట్ల పుడ్తది? హిగురాషి మొదటి ఎపిసోడ్, మా అమ్మమ్మ మునిగిన ఊరు



పోయిన నెల నేనొక వీడియో పెట్టి రెండు రోజులకే తీసేసిన. "కృష్ణ నీళ్ళ కింద ఏముంది?" అని దాని పేరు. చాలామంది అడిగిన్రు, అన్నా అదేమైంది, కాపీరైట్ పడ్డదా అని. కాపీరైట్ ఏం పడలే. తప్పు నాది. ఆ తప్పేందో ఈ ఎపిసోడ్ చివర్ల చెప్త. ఇప్పుడే చెప్తే సగమే అర్థమైతది, ఎందుకంటే దానికి ఒక జపాన్ యానిమేతోని లింకు ఉన్నది.

ఆ యానిమే పేరు హిగురాషి నో నాకు కోరో ని. 2006లో జపాన్ టీవీల వచ్చిన హారర్ సిరీస్, మొత్తం 26 ఎపిసోడ్లు. ఇయ్యాల మనం మాట్లాడేది మొదటి ఎపిసోడ్ ఒక్కటే. దాదాపు 24 నిమిషాలు. ఆ 24 నిమిషాలల్ల ఒక్క దెయ్యం కనబడదు. ఎవరికీ పూనకం రాదు. తలుపులు వాటంతట అవే కొట్టుకోవు. అయినా చూసినంక రాత్రి మంచినీళ్ళకు లేవాలంటే ఒకసారి ఆలోచిస్తం. ఎట్ల చేసిన్రు? అది విప్పి చూద్దాం.

స్పాయిలర్ల గురించి ఒక మాట. మొదటి ఎపిసోడ్‌ల ఉన్నదే చెప్త. తర్వాత ఎవరు ఏం చేసిన్రు, ఎందుకు చేసిన్రు అనేది నా నోట్లకెళ్ళి రాదు. చూడనోళ్ళు కూడ ధైర్యంగ వినొచ్చు.

భయం వేరు, బుగులు వేరు

మా దిక్కు, అంటే పాలమూరు, నల్గొండ దిక్కు, "బుగులు" అనే మాట ఉన్నది. ఇంగ్లీష్ రివ్యూలు చదివేటోళ్ళు "డ్రెడ్" అంటరు. నాకైతే మన మాటే నచ్చుతది.

తేడా ఏందంటే, ఇంట్ల పాము కనబడ్డది, అది భయం. పాము ఇంట్లకు పోవుడు చూసినం, కానీ యాడుందో తెల్వదు, అది బుగులు. భయం వచ్చినప్పుడు ఉరుకుతం, కట్టె పట్టుకుంటం, నలుగురిని పిలుస్తం, ఏదో ఒకటి చేస్తం. బుగులు ఉన్నప్పుడు చేసేదేం ఉండదు. బియ్యం డబ్బా జరపాలన్నా చెయ్యి ఆగుతది. ఇల్లు అదే, డబ్బా అదే, మనమే మారిపోతం.

మామూలు హారర్ సినిమా మనకు పామును చూపిస్తది. ఒక్కసారి సౌండ్ పెంచి, ముఖం తెచ్చి కెమెరా ముందట పెడ్తది. ఉలిక్కిపడ్తం, పక్కోన్ని చూసి నవ్వుతం, అయిపోతది. హిగురాషి మొదటి ఎపిసోడ్ మనకు ఇల్లు చూపిస్తది. పాము లోపటికి పోయిందని ఒక్కసారి చెప్తది. ఇగ 20 నిమిషాలు ఇంట్ల మంచిగ వంట చేసుకుంట కూసుంటది.

ముందు కొంచెం నేపథ్యం

కథ 1983 జూన్‌ల జరుగుతది. హినామిజావా అని కొండల మధ్యల ఒక చిన్న కల్పిత ఊరు. కెయిచి అనే పిల్లగాడు పట్నం నుంచి ఈ ఊరికి కొత్తగ వస్తడు. బడి చిన్నది, పెద్ద పిల్లలు చిన్న పిల్లలు అందరు ఒకే క్లాస్‌రూంల. మన ఊర్లల్ల ఒకే సారు ఉన్న ప్రైమరీ స్కూల్ గుర్తు తెచ్చుకోండి, అదే పరిస్థితి. అక్కడ వానికి రెనా, మియోన్ అని ఇద్దరు దోస్తులు, ఇంకా ఇద్దరు చిన్న పిల్లలు. అందరు కలిసి పేకాట, ఆటలు, ఓడినోళ్ళకు ఏదో ఒక శిక్ష.

ఇది మొదలు యానిమే కాదు. ర్యూకిషి 07 అనే రచయిత, తన చిన్న గ్రూపుతోని కలిసి చేసిన కంప్యూటర్ గేమ్. గేమ్ అంటే ఆడేది గాదు, చదివేది. బొమ్మ, మ్యూజిక్, కింద కథ. 2002ల టోక్యోల జరిగే కామికెట్ అనే మేళాల మొదటి భాగం అమ్మిన్రు. పెద్ద కంపెనీ లేదు, పెద్ద బడ్జెట్ లేదు. బొమ్మలేసుడు కూడ ఆయననే. అయినా నోటి మాటతోనే పాకింది. తర్వాత స్టూడియో డీన్ యానిమే తీసింది, డైరెక్టర్ చియాకి కోన్. మ్యూజిక్ కెంజి కవాయ్. ఈయన ఎవరంటే, 1998లో వచ్చిన రింగు సినిమాకు, అదే టీవీలకెళ్ళి దెయ్యం బయటికొచ్చే సినిమాకు, మ్యూజిక్ ఇచ్చినాయన.

అంటే బుగులు పుట్టించుడు తెలిసినోళ్ళే కూసున్నరు. ఇగ వాళ్ళు ఏం చేసిన్రో చూద్దాం.

మొదటి పని: మందుపాతర ఎక్కడుందో చూపెట్టి, మీద చాప పరచుడు

ఎపిసోడ్ మొదలు కాంగనే చీకటి గది. ఎవరో ఎవరినో బ్యాట్‌తోని కొడ్తున్నరు. ముఖాలు సక్కగ కనబడవు. ఎందుకో చెప్పరు. అంతే, పాట మొదలైతది. పాట అయినంక చూస్తే ఎండ, పచ్చటి పొలాలు, బడికి పోయే పిల్లలు, నవ్వులు.

హిచ్‌కాక్ చెప్పిన లెక్క చాలామందికి తెలుసు. ఇద్దరు టేబుల్ దగ్గర కూసొని ముచ్చట పెడ్తున్నరు, ఒక్కసారి బాంబు పేలింది అంటే మనకు కొన్ని సెకన్ల షాక్. అదే టేబుల్ కింద బాంబున్న సంగతి మనకు ముందే తెలిస్తే, వాళ్ళు వాతావరణం గురించి మాట్లాడుకున్నా మనకు చెమట పడ్తది.

హిగురాషి ఆ లెక్కను ఒక అడుగు ముందుకు తీస్కపోయింది. బాంబు ఉన్నదని చెప్పింది, కానీ ఎవరి చేతుల ఉన్నదో చెప్పలే. అందుకని పేకాట ఆడుకుంట నవ్వే ప్రతి ముఖాన్ని మనం అనుమానంగ చూస్తం. ఈ పిల్లనా? ఆ పిల్లనా? లేకపోతే మనం ఎవరి వెనకాల నడుస్తున్నమో ఆ పిల్లగాడేనా? తీసినోళ్ళు అక్కడ హాయిగ కామెడీ నడిపిస్తున్నరు, హారర్ పని మొత్తం మన మెదడే చేస్తున్నది. వాళ్ళకు ఖర్చు లేదు.

రెండో పని: బొమ్మలు ముద్దుగ ఉండుడు

చాలామంది ఈ సిరీస్ పోస్టర్ చూసి పిల్లల కార్టూన్ అనుకుంటరు. పెద్ద పెద్ద కండ్లు, గుండ్రటి ముఖాలు, రంగురంగుల జుట్టు. ఇది చేతగాక గాదు. ముఖం ఎంత ముద్దుగ ఉంటే, ఆ ముఖంల మార్పు అంత తొందరగ పట్టుకుంటం. రెనా కండ్లల్ల ఎప్పుడూ ఒక మెరుపు ఉంటది. ఆ మెరుపు ఒక్క ఫ్రేమ్‌ల తీసేస్తే చాలు. ముక్కు మారలే, నోరు మారలే, మనిషి మారిపోయింది.

సాఫ్ట్‌వేర్‌ల ఉన్నప్పుడు నాకు ఇది బాగా తెలిసింది. పెద్ద ఎర్రర్ వచ్చి సిస్టం కూలిపోతే మేం భయపడకపోయేది. అలారం మోగుతది, అందరు లేస్తరు, సరిచేస్తరు. అసలు బుగులు యాడంటే, అంతా పచ్చ లైటు చూపిస్తున్నది, ఒక్క నంబర్ మాత్రం రోజుటి లెక్క లేదు. అర్ధరాత్రి ఆ ఒక్క నంబర్‌ను చూసుకుంట కూసున్న రోజులు నాకున్నయి. రెనా ముఖం ఆ నంబర్ లాంటిది.

మూడో పని: పురుగుల సప్పుడు

హిగురాషి అంటేనే ఒక పురుగు. మన కీచురాయి లెక్క సప్పుడు చేస్తది, కానీ చెట్ల మీద ఉంటది, పొద్దు గూకేటప్పుడు ఎక్కువ అరుస్తది. సిరీస్ పేరుకు అర్థమే "హిగురాషిలు అరిచే వేళ" అని. ఎపిసోడ్ అంతా ఆ సప్పుడు వెనకాల నడుస్తనే ఉంటది. కొద్దిసేపటికి మన చెవి దాన్ని పట్టించుకోదు.

ఊర్లె పెరిగినోళ్ళకు ఒకటి తెలుసు. రాత్రి బాయికాడ పండుకున్నప్పుడు కీచురాళ్ళు అరుస్తుంటే నిద్ర మంచిగ పడ్తది. అవి ఒక్కసారి ఆగితే మెలకువొస్తది. ఎవరో నడుసుకుంట దగ్గరికొస్తేనే అవి ఆగుతయి. అంటే సప్పుడు ఉన్నంతసేపు ఎవరు లేరని అర్థం, ఆగిందంటే ఎవరో ఉన్నరని అర్థం. మ్యూజిక్ పెంచి భయపెట్టుడు అందరు చేస్తరు. ముందు ఒక సప్పుడు అలవాటు చేసి, సరిగ్గ కావాల్సిన కాడ దాన్ని తీసేసుడు కొందరికే వస్తది. ఈసారి చూసినప్పుడు మాటలు పక్కకు పెట్టి వెనకాల సప్పుడు ఎప్పుడు తగ్గుతున్నదో వినండి.

నాలుగో పని: జోక్ నిజమైపోవుడు

ఎపిసోడ్‌ల నాకు అన్నిటికన్నా నచ్చిన జాగ ఇదే. ఊరి బయట పాత డ్యామ్ పని ఆగిపోయిన జాగ ఉంటది. ఇప్పుడది చెత్తకుప్ప. రెనాకు ఆ చెత్తల ముద్దుగున్న బొమ్మలు ఏరుకొనుడు ఇష్టం. ఆమె కింద వెతుకుతుంటే కెయిచి పైన కూసుంటడు. అక్కడికి తొమితాకే అని ఒక ఫోటోగ్రాఫర్ వస్తడు.

కెయిచి కింద ఉన్న రెనాను చూసి మామూలుగ ఒక జోక్ వేస్తడు, పాతిపెట్టిన శవం కోసం వెతుకుతున్నట్టుంది అన్నట్టు. ఆ ఫోటోగ్రాఫర్ నవ్వడు. అదొక పాడు సంఘటన అని, ఒక చెయ్యి ఇంకా దొరకలేదు కదా అని, వానలు పడలేదు అన్నంత మామూలుగ చెప్తడు.

చూడండి, ఇక్కడ అరుపు లేదు, నెత్తురు లేదు. మనిషి ఒక నిజాన్ని మామూలు గొంతుతోని చెప్పిండు. ఊరందరికి తెలుసు అన్న ధీమాతోని చెప్పిండు. ఇద్దరి మధ్య జోక్ అనుకున్నది ఊరి చరిత్ర అయిపోయింది. కొత్తగ వచ్చినోనికి ఒక్కనికే తెల్వదు. మనకు కూడ తెల్వదు. ఆ సెకన్ నుంచి మనం, కెయిచి ఒకే దిక్కు, ఊరంత ఇంకో దిక్కు.

ఐదో పని: ఒక్క ప్రశ్న, ఒక్కటే జవాబు

తర్వాత కెయిచి రెనాను అడుగుతడు, డ్యామ్ కాడ అప్పుడేమైంది అని. నేను అప్పుడు ఈ ఊర్లె లేను, నాకు తెల్వదు అంటది. మియోన్‌ను అడుగుతడు. ఆమె డ్యామ్ సంగతి సంబరంగ చెప్తది. సర్కారు ఊరు ముంచాలని చూసింది, ఊరోళ్ళంత కొట్లాడిన్రు, గెలిచిన్రు, డ్యామ్ ఆగిపోయింది. అయితే హత్య ఏమన్నా జరిగిందా అని అడిగితే, లేదు. ఒక్కటే మాట. కారణం లేదు, కోపం లేదు, తడబాటు లేదు.

ఆ "లేదు" దగ్గర నేను మొదటిసారి చూసినప్పుడు వీడియో ఆపేసిన. ఎందుకంటే అబద్ధం ఆడేటోడు ఎక్కువ మాట్లాడ్తడు, కథ అల్లుతడు. ఇక్కడ ఏం అల్లలే. తలుపు పెట్టేసినట్టు ఉన్నది. దోస్తులు అబద్ధం చెప్పుడు కన్నా, ఇద్దరు వేరే వేరేగ ఒకే తలుపు పెట్టుడు ఎక్కువ బుగులు. అంటే వీళ్ళు ముందే మాట్లాడుకున్నరా? లేక మాట్లాడుకోకున్నా అందరికి తెలిసిన రూల్ ఉన్నదా?

చివరికి కెయిచికి నిజం యాడ దొరుకుతది? చెత్తకుప్పల. పాత పత్రిక ఒకటి, అందుల డ్యామ్ పని చూసే మనిషిని చంపి ముక్కలు చేసిన వార్త. మనుషులు చెప్పని మాట కాగితం చెప్పింది. వాడు అది చదువుతుంటే వెనకాల రెనా నిలబడి ఉంటది, చేతుల కట్టెలు నరికే కత్తి. ఆమె చెత్తల చిక్కుకున్న బొమ్మను తీసుడానికి తెచ్చుకున్న కత్తే అది. దానికి మామూలు కారణమే ఉన్నది. కానీ మామూలు కారణం ఇప్పుడు మనకు సరిపోదు. బియ్యం డబ్బా జరపాలంటే చెయ్యి ఆగుతున్నది.

మన దిక్కు ఇట్లాంటివి లేవా?

ఉన్నయి. రామ్‌గోపాల్ వర్మ 1992లో రేవతిని పెట్టి తీసిన రాత్రి సినిమాల థియేటర్ సీన్ ఉన్నది. జనంతోని నిండుగున్న హాల్ ఆ పిల్లకు ఒక్కసారి ఖాళీగ కనబడ్తది. దెయ్యాన్ని తెచ్చి పెట్టలే, ఉన్న మనుషులను తీసేసిండు. కీచురాళ్ళు ఆగిపోయినట్టే అది. ఆ సినిమాకు బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ మణిశర్మ. ఇప్పటి పోరగాళ్ళు ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకొని చూడండి.

2023ల వచ్చిన విరూపాక్ష కథ ప్రకారం హిగురాషికి ఇంకా దగ్గర. రుద్రవనం అనే ఊరు, చేతబడి చేస్తున్నరని ఒక జంటను ఊరోళ్ళే కాల్చేసిన పాత పాపం, ఏండ్ల తర్వాత వరుసగ చావులు. ఒక ఊరు, ఒక దాచిన తప్పు. కానీ విరూపాక్ష ఆ తప్పును మొదట్లనే మనకు చూపిస్తది. కాబట్టి మనం అడిగే ప్రశ్న "ఎవరు చేస్తున్నరు" అని. హిగురాషి తప్పునే దాచింది. కాబట్టి మన ప్రశ్న "వీళ్ళు నాతోని ఎందుకు చెప్తలేరు" అని. మొదటి ప్రశ్న పోలీసోళ్ళది. రెండో ప్రశ్న ఇంట్లోళ్ళది. అందుకే అది లోపటికి దిగుతది.

డ్యామ్ అనేది ఊరికే పెట్టింది గాదు

హినామిజావా కల్పిత ఊరే గాని, దానికి మోడల్ షిరకావా-గో అనే నిజమైన ఊరు. ఏటవాలు గడ్డి కప్పుల ఇండ్లకు పేరు, 1995ల యునెస్కో వారసత్వ జాబితాలకు ఎక్కింది. దానికి పైన అదే నది మీద మిబోరో డ్యామ్ ఉన్నది, 1961ల పూర్తయింది. అక్కడ నిజంగనే ఊర్లు మునిగినయి. మునిగే జాగల రెండు పాత చెర్రీ చెట్లుండె, 400 ఏండ్లు దాటినయి. వాటిని 1960ల వేర్లతోని లేపి పైకి తెచ్చి మళ్ళ నాటిన్రు. ఇప్పటికి పూలు పూస్తయి. మునిగిన ఊర్లోళ్ళు ఆ పూలు చూడనీకి వస్తరు.

ఇది చదివినప్పుడు నాకు అలంపురం గుర్తొచ్చింది. మన పాలమూరు జిల్లాల, ఇప్పుడు జోగులాంబ గద్వాల అంటున్నం, అలంపురంల కూడవెల్లి సంగమేశ్వర గుడి ఉన్నది. అది అసలు అక్కడిది గాదు. కృష్ణ, తుంగభద్ర కలిసే కూడవెల్లి కాడుండె. శ్రీశైలం డ్యామ్ నీళ్ళల్ల మునుగుతదని రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంల కట్టిన్రు. పాపనాశి గుళ్ళను కూడ అట్లనే జరిపిన్రు. జపాన్‌ల చెట్లు, మన దగ్గర గుళ్ళు.

మరి ఊర్లు? శ్రీశైలం ప్రాజెక్టు కింద అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ రెండు జిల్లాలల్ల కలిపి వందకు పైగ ఊర్లు పోయినయి. లక్ష మందికి పైగ జనం లేచిపోయిన్రు. ఇండ్లు ఖాళీ చేయించుడు జోరుగ జరిగింది 1981ల. హిగురాషి కథ 1983 జూన్‌ల. రెండేండ్ల తేడా. అక్కడ కథల ఊరు గెలిచింది. ఇక్కడ నిజంల ఊరు ఓడిపోయింది. 1986ల జీవో 98 అని వచ్చింది, ముంపు కుటుంబంల ఒకరికి సర్కారు కొలువు అని. కొల్లాపూర్ దిక్కు ఎవరినన్నా అడగండి, ఆ కొలువు కోసం దీక్షలల్ల కూసున్నోళ్ళు, కూసొని కూసొని ముసలోళ్ళైనోళ్ళు దొరుకుతరు.

మా అమ్మోళ్ళ ఊరు ఆ వందల ఒకటి.

ఇప్పుడు నా తప్పు

చిన్నప్పుడు ఎండకాలం సెలవులకు అమ్మమ్మ దగ్గరికి పోయేటోన్ని. నీళ్ళు తగ్గితే పిల్లలమంత కృష్ణ ఒడ్డుకు ఉరికేది. ఎండిన బురదల పాత గోడల పునాదులు, గుంజల రంధ్రాలు కనబడేటివి. అమ్మమ్మ ఎన్నడూ మా ఎంబడి రాలేదు. "అమ్మమ్మా, మన ఇల్లు యాడుండె?" అని అడిగితే, "ఏమో బిడ్డా, నాకు తెల్వదు" అనేది. అమ్మను అడిగితే, "అక్కడేమున్నది? ఏం లేదు" అనేది. అమ్మకు అప్పుడు పదేండ్లు. పదేండ్ల పిల్లకు ఇల్లు యాడుందో తెల్వదా?

ఇంజనీరింగ్ హాస్టల్‌ల మొదటిసారి హిగురాషి చూసినప్పుడు మియోన్ "లేదు" కాడ నేను వీడియో ఆపిన అని చెప్పిన గదా. అప్పుడు నాకు వినబడ్డది మియోన్ గొంతు గాదు.

అది నా మనసుల ఉండిపోయింది. కొలువు ఇడిసిపెట్టి ఈ చానల్ మొదలుపెట్టినంక, పోయిన ఎండకాలం ఒడ్డుకు పోయి షూట్ చేసిన. పొద్దు గూకేటప్పుడు, ఫోన్ కెమెరా కిందికి పెట్టి, గోడల పునాదుల మధ్యల నడుసుకుంట. మీకు ఇప్పటిదాక చెప్పిన టెక్నిక్‌లన్నీ వాడిన. మొదలు మామూలు ఎండ, పిల్లలు ఈత కొట్టుడు. వెనకాల కీచురాళ్ళు. తర్వాత సప్పుడు కోసేసిన. స్క్రీన్ మీద ఒక్కటే లైను: ఈ ఊరి గురించి అడిగితే మా ఇంట్ల ఎవరు చెప్పరు, ఎందుకు? మస్తు పని చేసింది. ఒక్క రోజుల నా మామూలు వీడియోల కన్నా ఎన్నో రెట్లు చూసిన్రు. ఊర్లె ఏదో హత్య జరిగిందని, శాపమని, ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుడు మొదలుపెట్టిన్రు. నేను సంబరపడ్డ.

అమ్మ చూసింది. ఏం అనలే. ఫోన్ బోర్లేసి పెట్టి వంటింట్లకు పోయింది. రాత్రి అన్నం పెట్టుకుంట అన్నది: "అక్కడ మా అన్న ఉన్నడురా."

అమ్మకు అన్న ఉన్నడని నాకు ఆ రోజు దాక తెల్వదు. అమ్మమ్మకు మొదటి కాన్పుల పుట్టిన పిల్లగాడు. ఏడాది నిండకముందే జరమొచ్చి పోయిండంట. చేను గట్టు మీద యాపచెట్టు కింద పెట్టిన్రు. 1981ల లేచిపోయేటప్పుడు తలుపులు, దూలాలు, గుంజలు పీక్కొని బండ్లల్ల ఏసుకొని పోయిన్రు. సర్కారోళ్ళు ఇంటికి లెక్క కట్టిన్రు, భూమికి లెక్క కట్టిన్రు. పిల్లగాని గోరికి లెక్క లేదు. తీస్కపోనీకి వచ్చేది గాదు.

తెల్లారి పోయి అమ్మమ్మ దగ్గర కూసున్న. కెమెరా తీయలే. చానాసేపటికి అన్నది: "నువ్వు అడిగినప్పుడల్లా ఇల్లు గుర్తొస్తే పిల్లగాడు గుర్తొచ్చేది బిడ్డా. ఇల్లు యాడుండెనో చెప్తే, చేను యాడ అంటవు. చేను చెప్తే యాపచెట్టు యాడ అంటవు. అందుకని మొదటికాన్నే తెల్వదంటుంటి."

ఆ సాయంత్రమే వీడియో తీసేసిన.

అయితే హిగురాషి తప్పా?

కాదు. ఇంత జరిగినంక మళ్ళ ఆ ఎపిసోడ్ చూసిన. ఇంకా గొప్పగ అనిపించింది. కాని ఈసారి ఒకటి కొత్తగ కనబడ్డది. ఆ ఎపిసోడ్ మొత్తం కొత్తగ వచ్చినోని కండ్లతోని చూపిస్తది. బయటోనికి ఊరోళ్ళ మౌనం ఎప్పుడైనా కుట్ర లెక్కనే కనబడ్తది. అదే సీన్‌ను మియోన్ దిక్కు నుంచి చూడండి. దోస్తు కొత్తగ వచ్చిండు, నవ్వుకుంట ఆడుకుంటున్నం, ఊర్లె జరిగిన పాడు పని వానికి చెప్పి ఎందుకు భయపెట్టాలె, చెప్తే వాడు మనతోని ఉంటడా అనుకోవచ్చు గదా? అది కూడ "లేదు" అనే మాటనే. మాట మారలే, కెమెరా పెట్టిన జాగ మారింది.

తీసినోళ్ళకు ఆ సంగతి తెలుసు అని నా నమ్మకం. అందుకే రెనా చేతుల కత్తికి కూడ మామూలు కారణం ఇచ్చిన్రు. బుగులు ఊర్లె ఉన్నదా, కెయిచి తలకాయల ఉన్నదా అనే ప్రశ్నను మొదటి ఎపిసోడ్‌లనే పెట్టిన్రు. వాళ్ళది కల్పిత ఊరు, కల్పిత మనుషులు. ఆ మౌనం వెనకాల ఏమున్నదో వాళ్ళు ముందే రాసుకున్నరు, చివరికి చెప్పే బాధ్యత వాళ్ళు తీసుకున్నరు. నేను చేసిందేంది? నిజమైన ఊరు తీసుకొని, నిజమైన మా అమ్మమ్మ మౌనం తీసుకొని, దాని వెనకాల ఏమున్నదో తెలుసుకోకుండనే పాము ఉన్నట్టు చూపించిన. టెక్నిక్‌ల తప్పు లేదు. పాము లేని ఇంట్ల పాము ఉన్నదని పుకారు లేపినట్టు అయింది.

షార్ట్ ఫిల్మ్‌లు తీసే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది ఇది చూస్తరు కాబట్టి పనికొచ్చే ముక్కలు మళ్ళొకసారి చెప్త. మొదటి నిమిషంల ప్రమాదం ఉన్నదని చెప్పండి, ఎవరి దగ్గర ఉన్నదో చెప్పకండి. తర్వాత నిజంగ సంతోషంగ ఉండే సీన్లు తీయండి, నవ్వు అబద్ధంగ ఉంటే బుగులు కూడ అబద్ధమైతది. ఒక సప్పుడు అలవాటు చేసి, దాన్ని తీసేయండి. మనసుకు దగ్గరున్న మనిషితోని ఒక చిన్న "లేదు" అనిపియ్యండి. ఖర్చు ఏం గాదు, ఒక ఫోన్, ఒక ఊరు చాలు. కాని ఊరు నిజమైనదైతే, ముందు కెమెరా బంద్ చేసి ఆ ఊరోళ్ళ పక్కన కూసోండి. చెప్పకపోతే అడగొద్దని కాదు. చెప్పకపోవుడుకు కారణం మీ కథ కన్నా పెద్దది కావొచ్చు.

ఈ ఎపిసోడ్‌ల మా ఇంటి సంగతి చెప్పొచ్చా అని అమ్మమ్మను అడిగినంకనే చెప్తున్న. "చెప్పు, కాని దెయ్యం పాట పెట్టకు" అన్నది. అందుకే ఇయ్యాల వీడియోల మీకు వెనకాల మ్యూజిక్ ఏం వినబడలే.

ఈ ఎండకాలం నీళ్ళు తగ్గితే ఒడ్డుకు తోల్కపో అని కూడ అన్నది. మొదటిసారి తనంతట తాను అడిగింది. యాపచెట్టు మోడు ఉన్నదో లేదో తెల్వదు. పోయి చూస్తం.

మీ ఇండ్లల్ల కూడ శ్రీశైలం, నాగార్జునసాగర్, డిండి, జూరాల కింద ఊరు పోయినోళ్ళు ఉంటే, ఊరి పేరు ఒక్కటి రాయండి చాలు. కథ చెప్పాల్సిన పని లేదు. వచ్చే వారం మళ్ళ కలుద్దాం, అప్పుడు మాత్రం కామెడీ యానిమే పడ్దాం. ఉంట మరి.